వాలుగ దవడ నుంచి బెయిట్‌కాస్టింగ్ రీల్ దాకా: కొనేముందు తెలియాల్సిన కథ

ఈ రోజు ఎపిసోడ్ ఫిషింగ్ రీల్ గురించి. కానీ కథ మాత్రం పొందూరులో మొదలవుతుంది.

శ్రీకాకుళం జిల్లా పొందూరు అంటే సన్న ఖద్దరు. ఆ ఖద్దరు వెనక ఒక చేప ఉందని ఎంతమందికి తెలుసు? దాని పేరు వాలుగ. నూలు వడికే ముందు, గింజకు అంటుకుని ఉన్న దూదిని వాలుగ దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడ నిండా దువ్వెనకు ఉన్నట్టు సన్నటి పళ్లు, దగ్గర దగ్గరగా ఉంటాయి. చెత్త పోతుంది, పోగులు ఒక వరసకి వస్తాయి. ఈ నూలు సంగతి విని, చూసి రమ్మని గాంధీగారు తన కొడుకు దేవదాస్‌ని పంపారని పొందూరులో చెప్పుకుంటారు.

ఆ పళ్లని గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు ఆ చేప బతికే ఉంది, మీ లైన్ చివర ఉంది అనుకోండి. మీ చేతిలో ఎలాంటి రీల్ ఉండాలి?

ఈ మధ్య కుర్రాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. "అన్నా, ఏ బెయిట్‌కాస్టింగ్ రీల్ కొనమంటావ్?" అమెరికా వాళ్ల వీడియోలు చూస్తారు. అందులో బాస్‌కి ఒక రీల్, మస్కీకి ఒక రీల్ అని చెబుతారు. మస్కీ అంటే అక్కడి మంచినీళ్లలో ఉండే పెద్ద పళ్ల చేప. పదివేల సార్లు విసిరితే ఒక్కటి పడుతుందని దానికి పేరు. ఆ వీడియో చూసి మనవాడు కార్ట్‌లో వేసేస్తాడు.

నేనూ అలాగే కొన్నాను. 3,000 రూపాయలు పెట్టి. నాగావళి సముద్రంలో కలిసే కళ్లేపల్లి దగ్గరకి వెళ్లి, 5 గ్రాముల లూర్ కట్టి, ఎదురుగాలిలో విసిరాను. లూర్ పది అడుగుల్లో పడిపోయింది. స్పూల్ మాత్రం తిరుగుతూనే ఉంది. దారం మొత్తం పిచ్చుక గూడు అయిపోయింది. గంటసేపు విప్పి, చివరికి కోసి పారేశాను. పక్కన చేతి గాలం వేస్తున్న పెద్దాయన నవ్వి, "ఏటి బాబూ, చేపకొచ్చావా, చిక్కు తియ్యడానికొచ్చావా?" అన్నాడు.

తప్పు రీల్‌ది కాదు ఫ్రెండ్స్. ఆ యంత్రం ఏ పని కోసం పుట్టిందో నాకు తెలీదు. అందుకే ఆ పుట్టుక కథ చెప్తాను.

చేపల రీల్ అంటే మొదట్లో దారం చుట్టి పెట్టుకునే ఉండ, అంతే. హ్యాండిల్ ఒకసారి తిప్పితే స్పూల్ ఒకసారి తిరిగేది. పళ్ల చక్రాలు పెట్టి స్పూల్‌ని ఎక్కువ సార్లు తిప్పే మల్టిప్లయింగ్ రీళ్లు 1760ల నాటికే లండన్‌లో అమ్మేవారు. కానీ అవి అంత గట్టివి కావు. ఆ పనికి అసలైన నాణ్యత తెచ్చింది అమెరికాలోని కెంటకీ. అక్కడ ప్యారిస్ అనే చిన్న ఊళ్లో జార్జ్ స్నైడర్ అని ఒక వాచీలు చేసే ఆయన ఉండేవాడు. 1800ల మొదటి దశాబ్దాల్లో, గడియారంలో చక్రాలు బిగించినంత జాగ్రత్తగా ఒక రీల్ చేశాడు. తర్వాత అదే రాష్ట్రంలో మీక్ అన్నదమ్ములు, వాళ్లూ వాచీల పనివాళ్లే, ఆ పని అందుకున్నారు. బాస్ కోసం బతికున్న చిన్న చేపని ఎరగా గుచ్చి విసిరేవారు. ఎరని విసిరే రీల్ కాబట్టి బెయిట్‌కాస్టింగ్ అన్న పేరు నిలిచింది.

ఇక్కడే అసలు చిక్కు. ఈ రీల్‌లో విసిరినప్పుడు స్పూల్ కూడా తిరుగుతుంది. లూర్ గాలిలో నెమ్మదిస్తుంది, స్పూల్ నెమ్మదించదు. కళ్లేపల్లిలో నాకు జరిగింది అదే. ఆ రోజుల్లో దీనికి ఒకటే బ్రేక్, బొటనవేలు. మన పెద్దాయన చేతి గాలం వేసేటప్పుడు దారాన్ని వేళ్ల మధ్య నుంచి వదులుతూ ఆపుతాడు చూడండి, సరిగ్గా అదే విద్య.

తర్వాత వందేళ్లకు పైగా జరిగిందంతా ఆ బొటనవేలి పని తగ్గించడానికే. 1890ల చివర్లో మిషిగన్‌లోని కలమజూలో విలియం షేక్‌స్పియర్ జూనియర్ (నాటకాలాయన కాదు!) లెవెల్ వైండ్ ఉన్న రీల్ తెచ్చాడు. దారాన్ని అటూ ఇటూ నడిపి సమంగా చుట్టే చిన్న కన్ను అది. మగ్గం పని తెలిసినవాళ్లకి కండె చుట్టడం గుర్తొస్తుంది. స్వీడన్‌లో 1921లో జేబు గడియారాల ఫ్యాక్టరీగా మొదలైన ఆబు కంపెనీ 1952లో అంబాసడర్ 5000 అనే రీల్ తెచ్చింది. స్పూల్ వేగం పెరిగితే లోపలి చిన్న దిమ్మలు బయటికి జరిగి రాసుకుని ఆపుతాయి. అదే సెంట్రిఫ్యూగల్ బ్రేక్. అదే 1921లో జపాన్‌లో సైకిల్ ఫ్రీవీల్స్ చెయ్యడానికి మొదలైన షిమానో 1978లో బాంటమ్ రీల్ తెచ్చింది. 1980లలో అయస్కాంతం బ్రేకులు వచ్చాయి. వాచీ, సైకిల్, అయస్కాంతం. మీరు కొనే చిన్న డబ్బాలో ఇవన్నీ ఉన్నాయి.

ఇంకో వంశం కూడా ఉంది, అది బట్టల మిల్లుది. ఇంగ్లండ్‌లో ఉన్ని మిల్లుల ఊరు బ్రాడ్‌ఫర్డ్. అక్కడి హోల్డెన్ ఇల్లింగ్‌వర్త్, మిల్లులో కండె తిరగకుండానే దాని అంచు మీదుగా నూలు జారిపోవడం చూసి, 1905లో స్పూల్ తిరగని రీల్‌కి పేటెంట్ తీసుకున్నాడు. మనం ఇప్పుడు స్పిన్నింగ్ రీల్ అంటున్నది దాని సంతానమే. స్పూల్ తిరగదు కాబట్టి పిచ్చుక గూడు భయం తక్కువ. తేలికైన లూర్ కూడా దూరం పోతుంది.

మరి అప్పుడు మన దగ్గర? శ్రీకాకుళం ప్రాంతం గంజాం జిల్లాలో, విజయనగరం విశాఖపట్నం జిల్లాలో, రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. ఆ మద్రాసు సర్వీసులో పనిచేసిన హెన్రీ సలివన్ థామస్ 1873లో "ది రాడ్ ఇన్ ఇండియా", 1887లో "ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా" అనే పుస్తకాలు రాశాడు. రెండోది పూర్తిగా చెరువుల్లో గాలం వేయడం గురించే. దొరల రీళ్లు ఓడల్లో వచ్చేవి. మన చెరువు గట్ల మీద వెదురు కర్ర, దారం, బెండు, గాలం ఉండేవి. చేపలు మాత్రం ఇద్దరికీ అవే.

సరే, ఇప్పుడు ఎంపిక. రీల్‌తో మొదలుపెట్టకండి, చేపతో మొదలుపెట్టండి.

ఒకటి, కొర్రమీను. చెరువులో, తామరాకుల కింద, గుర్రపుడెక్కలో ఉంటుంది. కప్ప లూర్ వేస్తాం. కొట్టిన మరుక్షణం ఆకుల్లోంచి లాగెయ్యాలి, ఆలస్యమైతే వేళ్లకి చుట్టుకుంటుంది. అందుకే డబ్బా మీద 7:1 లాంటి గేర్ రేషియో చూడండి. హ్యాండిల్ ఒక చుట్టుకి స్పూల్ ఏడు చుట్లు. మందంగా ఉన్న బ్రెయిడ్ దారం పట్టే స్పూల్, గట్టి డ్రాగ్ ఉండాలి. మామూలు 100, 150 సైజు చాలు.

రెండు, పండుగప్ప. ఇంగ్లీషులో ఏషియన్ సీబాస్, ఆస్ట్రేలియాలో బారముండి. బాస్ రీల్ వెతికేవాడికి మన దగ్గర జవాబు ఇదే. వంశధార కలిసే కళింగపట్నం, చంపావతి కలిసే కోనాడ లాంటి మొగల దగ్గర ఉండే చేప. ఇక్కడ ఉప్పు నీళ్లు ముఖ్యం. ఉప్పుకి తట్టుకునే బేరింగులని రాసి ఉందో లేదో చూడండి, ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడగండి. డ్రాగ్ ఝటకా లేకుండా మెత్తగా జారాలి.

మూడు, వాలుగ. మన మస్కీ. పెద్ద లూర్, పెద్ద చేప. 300 సైజు రీల్, 5 లేదా 6 రేషియో మంచిది. తక్కువ రేషియో అంటే వేగం తక్కువ, లాగే బలం ఎక్కువ. సైకిల్ మీద గట్టెక్కేటప్పుడు గేర్ తగ్గించినట్టు. ఆ దువ్వెన పళ్ల కోసం లైన్ చివర వైర్ లీడర్ తప్పకుండా కట్టండి.

10 గ్రాముల కన్నా తేలికైన లూర్లే వేస్తారా? అయితే బెయిట్‌కాస్టర్ వద్దు. ఇల్లింగ్‌వర్త్‌కి దండం పెట్టి స్పిన్నింగ్ రీల్ కొనండి. బేరింగులు ఎన్ని అన్న అంకెకి పడిపోకండి. ఎడమ చేతి హ్యాండిలా, కుడి చేతిదా అన్నది మాత్రం ఆర్డర్ పెట్టేముందు చూసుకోండి, తర్వాత మార్చడం కుదరదు. కొన్నాక మొదటి పని: లూర్ కట్టి, బటన్ నొక్కి వదలండి. అది మెల్లగా దిగి, నేల తాకగానే స్పూల్ ఆగేలా పక్కనున్న నాబ్ బిగించండి. బ్రేక్ ఎక్కువలో పెట్టి మొదలుపెట్టి, చెయ్యి తిరిగేకొద్దీ తగ్గించుకోండి. బొటనవేలు మాత్రం ఎప్పుడూ స్పూల్ మీదే.

చివరిగా ఒక్క మాట. ఈ యంత్రం ఇంత బలంగా తయారైంది కాబట్టి ఎప్పుడు వదిలెయ్యాలో కూడా మనకి తెలియాలి. కొర్రమీను తన పిల్లల గుంపుకి కాపలా కాస్తుంది. నీటి మీద ఎర్రటి పిల్లలు కనిపిస్తే అక్కడ విసరకండి, తల్లిదండ్రులు పోతే ఆ గుంపంతా పోతుంది. పండుగప్ప మగగా మొదలై, పెరిగాక ఆడగా మారుతుంది. అంటే పెద్దవన్నీ దాదాపు గుడ్లు పెట్టేవే. వాలుగ ఇప్పుడు ఐయూసీఎన్ జాబితాలో ముప్పు ఉన్న జాతుల్లో ఉంది. ఊరి చెరువు చాలాచోట్ల మత్స్యకార సొసైటీ లీజులో ఉంటుంది. మనకి సరదా, వాళ్లకి కూడు. అడిగి వెయ్యండి.

వాలుగ లేకపోతే మీ రీల్‌కి పని ఉండదు, పోనీలే అనుకోవచ్చు. కానీ పొందూరులో దూది దువ్వే ఆ చేతికి కూడా పని ఉండదు. ఫొటో తీసుకోండి, నీళ్లలోకి వదిలెయ్యండి.

ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.