జొన్న గట్క, పెల్లాగ్రా, మా పెద్దతాత

పోస్టు కొంచెం పొడుగుంది, తీరిగ్గా చదవండి.

ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉంటే ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. నాంపల్లిలో మా హాస్టల్ నుంచి నడిచి పోవచ్చు. పోయిన నెల పోటీ పరీక్షల పుస్తకం కోసం పోయి, అట్ట చిరిగిన ఇంకో పుస్తకం తెచ్చుకున్న. పేరు 'న్యూట్రిటివ్ వాల్యూ ఆఫ్ ఇండియన్ ఫుడ్స్'. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వేసింది. లోపలంతా పట్టికలే. వంద గ్రాముల జొన్నల్లో మాంసకృత్తులు 10.4 గ్రాములు, మర పట్టిన బియ్యంలో 6.8. రాగుల్లో కాల్షియం 344 మిల్లీగ్రాములు, బియ్యంలో 10. "మీ ఇంట్ల రోజూ గట్కేనా?" అని నవ్విన రూమ్మేట్‌కు ఆ పేజీ చూపించిన. ఆ రాత్రి చాలా గర్వంగా పడుకున్న.

తర్వాత ఆ సంస్థ చరిత్ర చదివితే గర్వం కొంచెం దిగింది.

1918లో కూనూరులో మెక్‌కారిసన్ అనే డాక్టర్ ఒక్క గదిలో బెరిబెరి జబ్బు మీద పరిశోధన మొదలుపెట్టిండు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. ఇక్కడ డాక్టర్లకు ఒక చిక్కు ప్రశ్న ఎదురైంది. దక్కన్‌లో జొన్న తిని బతికే పేదలకు పెల్లాగ్రా ఎందుకు వస్తోంది? ఈ జబ్బులో ఎండ తగిలే చోట, అంటే మెడ చుట్టూ, చేతుల మీద, పాదాల మీద చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది. విరేచనాలు పట్టుకుంటాయి. ముదిరితే మతి చెడుతుంది, ప్రాణం కూడా పోతుంది.

అమెరికాలో ఇదే జబ్బు మొక్కజొన్న తినే పేదలను చంపింది. అంటువ్యాధి అనుకున్నారు. 1914లో దీని పని అప్పజెప్పిన గోల్డ్‌బెర్గర్ అనే డాక్టర్, అనాథాశ్రమాల పిల్లలకు పాలు, గుడ్లు, మాంసం, చిక్కుళ్ళు పెట్టించి జబ్బు పోగొట్టిండు. లోపించింది నియాసిన్ అనే బి విటమిన్ అని 1937లో తేలింది. మనం గమనించాల్సిన సంగతి ఒకటుంది. మెక్సికో ఆదివాసులు మొక్కజొన్నను సున్నపు నీళ్ళలో ఉడికించేవాళ్ళు, దాంతో గింజలో బిగుసుకున్న నియాసిన్ ఒంటికి అందేది. యూరప్ వాళ్ళు విత్తనం తీసుకుపోయారు గానీ వండే పద్ధతి నేర్చుకోలేదు.

జొన్న సంగతి వేరు. 1960లో గోపాలన్, శ్రీకంఠయ్య అనే మన శాస్త్రవేత్తలు, జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ ఉండటం వల్లే ఈ జబ్బు వస్తోందని రాశారు. ఆ వివరణ మీద తర్వాత చాలా వాదనలు జరిగాయి. పప్పు, పాలు, మాంసం, పల్లీలు తోడుంటే మాత్రం జబ్బు దగ్గరికి రాదు. వంద గ్రాముల పల్లీల్లో నియాసిన్ దాదాపు 20 మిల్లీగ్రాములు, జొన్నల్లో 3 చిల్లర.

ఇది చదివి మా అవ్వకు ఫోన్ చేసిన. మా తాతకు అన్న ఒకాయన ఉండేవాడట. చేతులు, మెడ నల్లగా కాలినట్టు అయి, మతి తప్పి తిరిగి తిరిగి చనిపోయిండట. "గాలి సోకింది బిడ్డా" అని చిన్నప్పటి నుంచి వింటున్న. ఏ డాక్టరూ చూడలేదు కాబట్టి అది పెల్లాగ్రానే అని నేను చెప్పలేను. కానీ ఈసారి వేరే ప్రశ్న అడిగిన. "అవ్వా, అప్పుడు ఏం తినేటోళ్ళు?"

"జొన్న గట్క, మిరపకాయ."

"కందులు, పెసళ్ళు పండలేదా?"

"పండినయి బిడ్డా. కళ్ళం కాడికే సావుకారి వచ్చి అప్పు కింద కొలుచుకపోయేటోడు."

నాకు జవాబు దొరికింది. మన పొలంలో జొన్న పక్కనే పప్పులు పండేవి. తక్కెడ ఇంకొకడి చేతిలో ఉండేది.

1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. జొన్న తినడం తగ్గింది, పెల్లాగ్రా కూడా అరుదైపోయింది. కానీ ఇప్పుడు మన పళ్ళెం నిండా తెల్లన్నమే, పక్కన నీళ్ళ చారు. ఒక్క గింజ పోయి ఇంకో ఒక్క గింజ వచ్చింది. బెరిబెరికి కారణం బాగా పాలిష్ పట్టిన బియ్యమే అన్న సంగతి కూడా గుర్తుపెట్టుకోండి.

అందుకే "మన పాత తిండి తింటే ఏ రోగం రాదు" అనే ఫార్వర్డులు నేను పంపను. గట్క అంటే సిగ్గు కూడా పడను. పిండి పదార్థం, మాంసకృత్తులు, కొవ్వు, విటమిన్లు, ఖనిజాలు అన్నీ ఒంటికి సరిపడా ఇచ్చే గింజ ఒక్కటీ లేదు. జొన్నకు పప్పు, ఆకుకూర, పిడికెడు పల్లీలు తోడు కావాలి.

రెండు పనులు చేద్దాం. హాస్టల్‌లో పప్పు పలచబడితే అందరం కలిసి అడుగుదాం. పండక్కి ఊరికి పోయినప్పుడు మీ అవ్వలను, తాతలను ఏం తిన్నారని అడగండి, పండినదాంట్లో ఇంటికి ఎంత మిగిలిందో కూడా అడగండి. చెప్పింది కింద రాయండి. మా అవ్వ చెప్పింది నేను నోట్‌బుక్‌లో రాసుకున్న.