కరీంనగరం నుండి బొంబాయి తెరకు: పైడి జైరాజ్

బ్రతుకుతెరువు కొరకు పరసీమకు పోయినవారి కథలు మన పల్లెలకు కొత్తవి కావు. కాని ముఖాన రంగు పూసుకొని, పరుల గాథలలోని వీరుడై పేరు గడించి, స్వభాష వారికే అపరిచితుడుగా మిగిలిన తెలుగువాని కథ అరుదైనది. నటుడు పైడి జైరాజ్ కథ అట్టిది.

ఆయన 1909 సెప్టెంబరు 28న కరీంనగరంలో జన్మించాడు. నాడు కరీంనగరమూ, మన మాడుగులపల్లి ఉన్న నల్లగొండ సీమా నిజాం ఏలుబడిలోనివే. ఇంట తెలుగు, కచేరీలో ఉర్దూ: ఇది ఆ కాలపు తెలంగాణంలో నిత్యానుభవం. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివే రోజులలో జైరాజ్‌కు నటనపై మక్కువ కలిగినది. ఆ మక్కువకు హైదరాబాదులో చోటు ఏది? ధీరేంద్రనాథ్ గంగూలీ అనే వంగదేశీయుడు అక్కడ లోటస్ ఫిల్మ్ కంపెనీ స్థాపించి మూకీలు తీశాడు. కాని 'రజియా బేగం' అనే చిత్రాన్ని ప్రదర్శించి, నిజాం ఆగ్రహానికి గురియై, 1924లో నగరం విడిచిపోయాడు. తెలుగు టాకీ ఇంకా పుట్టలేదు. అందుచేత 1929లో జైరాజ్ బొంబాయి దారి పట్టాడు.

మూకీలో నటునికి నాలుకతో పనిలేదు. దృఢమైన దేహము, చూడచక్కని ముఖము ఉన్నవానిని నీ ఊరేదని ఎవరూ అడగలేదు. 1931 మార్చి 14న 'ఆలం ఆరా' విడుదలై తెర మాటలు నేర్చినది. అప్పుడు వచ్చినది అసలు పరీక్ష. ఆ భాష పట్టుబడనివారు వెనుకబడగా జైరాజ్ నిలబడ్డాడు. హైదరాబాదు ఉర్దూయే ఆయనకు అండ అయినదని మా తలంపు. ఏ కచేరీ భాష మన తెలుగును వెనుకకు నెట్టినదో, ఆ భాషయే ఒక తెలుగువానికి అన్నం పెట్టినది.

తరువాత ఆయన ఎక్కువగా రాణించినది చారిత్రక, సాహస, జానపద చిత్రాలలో. 'హాతింతాయ్' (1956), 'పృథ్వీరాజ్ చౌహాన్' (1959), 'వీర్ దుర్గాదాస్' (1960) అట్టివి. ఒకనాడు గంగూలీని హైదరాబాదు దాటించిన పేరే మళ్ళీ తెరకెక్కిన 'రజియా సుల్తానా' (1961)లోనూ ఆయన నటించాడు. దర్శకత్వమూ నెరపినాడు, దిలీప్ కుమార్ తొలినాళ్ళ చిత్రం 'ప్రతిమ' (1945) ఆయన తీసినదే.

ఇక్కడ మరొక వలసనటుని తలచుకోవలెను. మైసూరు సీమలో మావటివాని బిడ్డగా 1924లో పుట్టిన సాబూ, 'ఎలిఫెంట్ బాయ్' (1937)తో లండను చేరి, 'థీఫ్ ఆఫ్ బాగ్దాద్' (1940)తో లోకప్రసిద్ధుడైనాడు. ఇటలీ చిత్రాలలోనూ నటించాడు. ఏ దేశం పోయినా అతనికి దక్కినవి ఏనుగుల కుర్రవాడు, తూర్పుదేశపు రాజు వంటి వేషాలే. 39వ ఏట, 1963లో, అమెరికాలో కన్నుమూశాడు. అదే ఏడు గాంధీజీ హత్యను గూర్చి 'నైన్ అవర్స్ టు రామా' అనే ఆంగ్ల చిత్రం వెలువడినది. అందులో గాడ్సే పాత్ర జర్మను నటుడైన హోర్స్ట్ బుక్‌హోల్ట్స్‌కు దక్కగా, మూడు దశాబ్దాల అనుభవం గల మన జైరాజ్‌కు చిన్న పాత్ర లభించినది.

పాశ్చాత్యులు సాబూను ఒక మూసలో బంధించారు. బొంబాయి జైరాజ్‌కు కిరీటమూ ఖడ్గమూ ఇచ్చినది. కాని అవి రాజపుత్రులవి, అరబ్బుకథల వీరులవి. కాకతీయ వీరుని వేషం కట్టి తెలుగున పలికే అవకాశం ఆయనకు అక్కడ ఎట్లా దొరుకుతుంది? 1932లో తెలుగు టాకీ వచ్చి, మద్రాసులో పెరిగి పెద్దదయ్యేసరికి ఆయన బొంబాయివాడైపోయాడు.

1980వ సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఆయనను వరించినది. 2000 ఆగస్టు 11న ముంబయిలో పరమపదించాడు. 'షోలే' (1975) చూడని ఇల్లు మన సీమలో తక్కువ. అందులో పోలీసు ఉన్నతాధికారిగా కాసేపు కనిపించిన ఆ పెద్దాయన మన కరీంనగరంవాడని ఎందరు ఎరుగుదురు? ఇకమీదట ఆ చిత్రం చూసేటప్పుడు శ్రోతలు ఆయనను గుర్తుపట్టి, పక్కనున్న పిల్లలకు చూపగలరని మా కోరిక.