మూసా శబ్దము

హైదరాబాదునందు మూసాపేట, మూసారాంబాగు అను రెండు స్థలనామములు గలవు. ఈ రెండును 2018వ సంవత్సరమునుండి ఒకే మెట్రో రైలుమార్గమున స్థానములై యున్నవి. పూర్వపదము సమానమగుటచే మూలమును సమానమే యని తోఁచుట సహజము. విమర్శింపఁగా నది నిలువదు.

మూసారాంబాగులోని మూసా మనుష్యనామము కాదు. ఫ్రెంచివారి గౌరవవాచకమగు ‘మొస్యే’. నిజాం ఆలీఖానుని కొలువున సేనానియైన రేమండు (1755–1798) హిందువులకు మూసారాముఁడును, మహమ్మదీయులకు మూసారహీమును అయ్యెను. ఆతని సమాధియు నా ప్రాంతముననే కలదు.

అరబ్బీ మూసాయన్ననో, హీబ్రూ మోషేకు రూపాంతరము. నిర్గమకాండము దీనికి ‘నీటినుండి తీయఁబడినవాఁడు’ అను నర్థము చెప్పుచున్నది. ‘జనించినవాఁడు’ అను నర్థముగల ఐగుప్తు శబ్దమే మూలమని పెక్కండ్రు ఆధునిక పండితుల మతము. సంస్కృత మూషాశబ్దము లోహము కరఁగించు పాత్రను దెలుపును. దాని తద్భవము మూస.

మూసాపేటకు తెలుఁగు మూస మూలమైనచో మూసపేట యని యుండవలెను. దీర్ఘము మనుష్యనామపక్షమును బలపఱచును. అయినను మూసారాంబాగునందును దీర్ఘమే యున్నది గదా! పారసీలిపియు నిట సాయపడదు. పైగుఱుతు లేనిచో మూసాయు, మూసీనదియు నందు నొక్కరీతినే వ్రాయఁబడును. ఆ భేదమును స్పష్టముగా నిలుపునది తెలుఁగు లిపి. కావున గ్రామనామముల పరిశోధకులు పాత తెలుఁగు లేఖనములనే ముందు చూడవలెను. ధ్వనిసామ్యము ప్రశ్నకు మొదలే కాని, సమాధానము కానేరదు.