ఎరుక: ఇంద్రియాలు, చదువు, మా జాతి చరిత్ర

ఎరుక అంటే తెలివిడి, జ్ఞానం. మేము ఎరుకలవాళ్లం. సోది చెప్పే మా ఆడవాళ్లను బట్టి ఆ పేరు వచ్చిందని ఎక్కువమంది అంటారు. మాలో మేము కుర్రు అని చెప్పుకుంటాం. మా భాష పేరు కూడా అదే. పేరులోనే జ్ఞానం ఉన్న జాతిని ఊరు, సర్కారు, బడి మూడూ కలిసి ఏమీ ఎరగనివాళ్ల కింద జమకట్టాయి. అది ఎలా జరిగిందో కోనసీమలో బడిపంతుళ్లుగా ఉన్న మేము చెప్పదలిచాం.

ఉపాధ్యాయ శిక్షణలో మేము నేర్చుకున్న తొలి పాఠాల్లో ఒకటి, ఇంద్రియాలు జ్ఞానానికి వాకిళ్లు అని. కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మం. మన దర్శనాలు వీటిని పంచ జ్ఞానేంద్రియాలన్నాయి. గ్రీకు దేశంలో అరిస్టాటిల్ కూడా ఐదే లెక్కపెట్టాడు. తర్వాతి శాస్త్రం ఇంకొన్ని కలిపింది. ఒళ్లు తూలకుండా నిలబెట్టేది లోపలి చెవి. చెయ్యి ఎక్కడుందో చూడకుండానే తెలిపేవి కండరాలు, కీళ్లు. అయితే ఇంద్రియం తెచ్చేది కబురు మాత్రమే. దానికి అర్థం చెప్పేది అలవాటు, పెంపకం, భాష.

ఆ పాఠం చదివినప్పుడు మాకు మా అమ్మలు గుర్తొచ్చారు. ఈత బద్ద చీల్చేటప్పుడు వాళ్లు కత్తి వైపు చూసేవాళ్లు కాదు. బద్దలో పచ్చిదనం ఎంతుందో బొటనవేలికి తెలిసేది. చీలిక పక్కకు పోతుంటే ముందు చెవికి తెలిసేది. మాటలాడుతూనే బుట్ట అడుగు గుండ్రంగా తిప్పేవాళ్లు. అంబాజీపేటలో కొబ్బరికాయను చెవి దగ్గర ఊపి లోపల నీళ్లెంతో చెప్పే వ్యాపారిని అందరూ మెచ్చుకుంటారు. ఆత్రేయపురంలో బోర్లించిన కుండ మీద పిండినీళ్ల గుడ్డ పరిచి పూతరేకు తీసే చేతిని కూడా మెచ్చుకుంటారు. మెచ్చుకోవలసిందే. కానీ మా అమ్మల చేతిలో ఉన్నదీ అదే చదువు. దానికి మాత్రం బుట్టలల్లుకోవడం అనే పేరే మిగిలింది.

సోది చెప్పడం కూడా అలాంటిదే. దేవత పలికిస్తోందని ఎరుకలమ్మ అంటుంది. ఆ మాట నమ్మమని పంతుళ్లుగా మేము ఎవరికీ చెప్పం. కానీ ఆమె ఏం చేస్తుందో చూడండి. వాకిట్లో ఆరేసిన బట్టలు చూస్తుంది. పిలిచిన గొంతులో వణుకు వింటుంది. అరచెయ్యి పట్టుకోగానే అది పని చేసిన చెయ్యో కాదో ఆమెకు తెలుస్తుంది. అక్షరం రాని మనిషి మనుషుల్ని చదివిన తీరు అది.

చేతులు చదివిన ఆ జాతి చేతుల్నే తర్వాత ప్రభుత్వం చదివింది. మావాళ్లలో ఉప్పు ఎరుకల అనే శాఖ ఉంది. కోస్తా నుంచి ఉప్పు, లోపలి ఊళ్ల నుంచి ధాన్యం ఎద్దుల మీద, గాడిదల మీద మోసుకుని తిరిగిన వ్యాపారులు వాళ్లు. బ్రిటిషువాళ్ల ఉప్పు పన్ను, ఆ తర్వాత రైళ్లు వచ్చి ఆ బతుకును దెబ్బతీశాయి. బతుకు పోయిన సంచారిని అధికారి కన్ను దొంగగా చూసింది. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్త తెగల చట్టం, 1911 చట్టంతో మద్రాసు రాజధానికి కూడా వచ్చింది. దానికింద నమోదైనవాళ్ల వేలిముద్రలు ఎప్పుడైనా తీసుకోవచ్చు. ఎక్కడుంటున్నారో అధికారులకు చెప్పుకోవాలి. బాపట్ల దగ్గర స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు ఆ కాలంలో పుట్టినవే. బుట్ట అల్లే వేళ్లు పోలీసు కాగితం మీద నల్లటి గుర్తులయ్యాయి. ఆ చట్టం 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. ఊరి కంట్లోంచి మాత్రం అంత తొందరగా పోలేదు. ఊళ్లో ఏదైనా పోతే ముందు మా గుడిసెల వైపే చూసిన రోజులు మా పెద్దలకు బాగా గుర్తు.

ఇక బడి సంగతి. పాత వీధిబడుల్లో పిల్లలు ఇసకలో వేలితో అక్షరాలు దిద్దేవాళ్లు, గొంతెత్తి చదివేవాళ్లు. 1823లో బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ తన నివేదికలో ఈ పద్ధతిని వివరంగా రాశాడు. అంతకుముందే మద్రాసులో అనాథ బాలుర బడి నడిపిన ఆండ్రూ బెల్ ఈ ఇసక రాతను చూసి తన బడిలో పెట్టాడు. 1797లో పుస్తకం రాసి ఇంగ్లండుకు చెప్పాడు. వేలు, కన్ను, నోరు, చెవి నాలుగూ కలిసి నేర్చుకునే చదువు అది. 1907లో రోమ్‌లో పేదపిల్లల కోసం బడి తెరిచిన డాక్టర్ మరియా మాంటిస్సోరి గరుకు కాగితం అక్షరాలను పిల్లల వేళ్లతో తడిమించింది. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి మన దేశపు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. చెయ్యి చదువుకు దారి అని ప్రపంచమంతా ఒప్పుకుంది. అయితే మా పెద్దలు చెప్పే కథల్లో వీధిబడి అరుగు లేదు. ఆ ఇసక మావాళ్ల వేళ్లకు అందలేదు.

మేము బడికి వెళ్లేనాటికి అరుగు పోయి బెంచీలు వచ్చాయి. మాకు వెనక బెంచీ దక్కింది. పందుల వాసన వస్తోందని పక్క పిల్లలు ముక్కు మూసుకునేవాళ్లు. మాకా వాసన తెలిసేది కాదు. ముక్కు ఏ వాసనకైనా కొద్ది నిమిషాల్లో అలవాటు పడుతుందని శిక్షణలో చదివాకే మాకు కారణం అర్థమైంది. కోనసీమలో కొబ్బరి పీచు నానేసిన గుంటకూ వాసన ఉంది, రొయ్యల చెరువుకూ ఉంది. వాటి యజమాని పిల్లల్ని వెనక్కి నెట్టడం మేము చూడలేదు. వాసన పట్టేది ముక్కే. అది అసహ్యమా, డబ్బా అని చెప్పేది కులం.

చెవి సంగతీ అంతే. పసిబిడ్డ మొదట్లో ఏ భాష ధ్వనుల మధ్య తేడానైనా పట్టగలదు. ఏడాది నిండేసరికి చెవి ఇంటి భాషకు కుదురుకుంటుంది. మా కుర్రు ద్రావిడ భాష, తమిళానికి దగ్గరిది. ఒత్తక్షరాల ధ్వనులు మా ఇళ్లలో వినపడవు. భ, ఖ, ఘ సరిగ్గా పలకలేదని, రాయలేదని దెబ్బలు తిన్నాం. మా నోట తిరగనిది ఆ ధ్వని. దాన్ని పంతులు తెలివితక్కువతనమనుకున్నాడు. 2004లో గిరిజన పిల్లలకు మాతృభాషలో చదువు మొదలుపెట్టినప్పుడు సవర, కోయ, గోండి, కొలామి, బంజారా, కువి, కొండ, ఆదివాసీ ఒరియా అనే ఎనిమిది భాషలు తీసుకున్నారు. మంచి పని. ఊళ్ల చివర, కాలవ గట్ల మీద చెదిరి ఉండే మా కుర్రుకు అందులో చోటు రాలేదు. ఇవాళ మా ఇళ్లలోనే పిల్లలు అవ్వతో తెలుగులో మాట్లాడుతున్నారు. భాష పోతే దాంతో పాటు ఈత బద్ద గురించి, వానగాలి గురించి అవ్వకు తెలిసిన మాటలూ పోతాయి.

అందుకని మేము మా తరగతుల్లో ఒక చిన్న పని చేస్తున్నాం. ఒకటో తరగతి పిల్లలచేత ముందు ఇసకలో దిద్దిస్తాం. ఒత్తక్షరం వచ్చినప్పుడు అరచెయ్యి నోటి ముందు పెట్టి పలకమంటాం. ‘క’కు గాలి తక్కువ తగులుతుంది, ‘ఖ’కు ఎక్కువ. చెవికి చిక్కనిది చేతికి చిక్కుతుంది. ఏడాదికోసారి ఒక అవ్వను పిలిచి తరగతిలో బుట్ట అల్లిస్తాం. అన్ని కులాల పిల్లలూ కళ్లు మూసుకుని బద్దను తడిమి ఏది పచ్చో, ఏది ఎండో చెప్పాలి. ఆ రోజు మా పిల్లలు ముందు వరసలో ఉంటారు.

తోటి పంతుళ్లను మేము కోరేది ఇంతే. బిడ్డకు ఏమీ రాదని రాసేముందు ఆ బిడ్డ చేతికి ఏం తెలుసో, చెవికి ఏం తెలుసో ఒక్కసారి అడగండి. ఎరుక మా పేరులోనే ఉంది. దాన్ని బడి రిజిస్టరులోకి కూడా రానివ్వండి.