పర్ధాన్ గాయక కుటుంబాలు, గోండు పోషక వంశాలు

ఆదిలాబాద్ గోండుల వంశగాథలను తరతరాలుగా పాడుతున్న వారు పర్ధానులు. గోండి భాషలో వీరిని పటాడి అంటారు. ఉట్నూరు, జైనూరు, నార్నూరు, ఇంద్రవెల్లి ప్రాంతాల్లో గోండు గూడేలను ఆనుకొని వీరి ఇళ్లు ఉంటాయి. ఈ పాటలు ఎవరు కట్టారని అడిగితే ఒక మనిషి పేరు జవాబుగా రాదు. ఒక పర్ధాన్ వంశానికీ ఒక గోండు వంశానికీ ఉన్న అనుబంధంలోనే అవి పుట్టాయి, అందులోనే నిలిచాయి.

గోండు సమాజంలో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల వారని నాలుగు సగలు ఉన్నాయి. ఒకే సగ వారు వియ్యమందరు. పర్ధానులదీ అదే అమరిక. మెస్రం గోండులకు మెస్రం పర్ధానులు ఉన్నట్టే, తక్కిన వంశాలకూ అదే ఇంటిపేరుతో గాయకులు ఉంటారు. కానీ గోండులకూ పర్ధానులకూ మధ్య పెళ్లిళ్లు లేవు. పర్ధానుల చేతి వంట గోండులు తినేవారు కాదు. అయినా పర్ధాన్ లేనిదే వంశదేవత పెర్సాపేన్ పూజ జరగదు. పూజ చేసేది వంశ పూజారి కటోడ. ఆ దేవత ఆ వంశానికి ఎలా దక్కింది, మూలపురుషులు ఏ దారిన వచ్చారు, గోండుల ఆదిగురువు పహండి కుపార్ లింగాల్ వారికి ఏ కట్టుబాట్లు పెట్టాడు అన్నవి చెప్పవలసింది మాత్రం పర్ధానే. పంక్తిలో చోటు దొరకని మనిషి దగ్గరే వంశం జ్ఞాపకమంతా ఉండటం ఈ చరిత్రలో అన్నిటికన్నా లోతైన విషయం. ఆదిలాబాద్ పర్ధానులు ఇంట్లో మాట్లాడేది మరాఠీ. కథ చెప్పేది గోండిలో. అంటే వీరి పిల్లలు కథతో పాటు దాని భాషనూ పట్టుదలగా నేర్చుకోవలసి వచ్చేది.

ప్రధాన వాద్యం కిక్రి. మూడు తీగలుండే ఈ వాద్యాన్ని కమానుతో వాయిస్తారు. సన్నాయిని పోలిన పెప్రె, డోలు తోడుంటాయి. కొడుకు తండ్రి వెంట పోషకుల ఇళ్లకు తిరుగుతూ విద్య పట్టుకునేవాడు. తండ్రి తర్వాత ఆ ఇళ్లు కొడుకులకే దక్కేవి. పంట ఇంటికి వచ్చాక ధాన్యం, పెళ్లిళ్లలో కట్నం ముట్టేవి. ఎవరైనా చనిపోతే కర్మకాండల్లో పాడిన పర్ధానుకు పోయినవారి బట్టలు, కొన్నిసార్లు పశువులు ఇచ్చేవారు.

పాటకు ఆశ్రయం ఎవరన్న ప్రశ్న ఐరోపా సంగీతకారులకూ ఎదురైంది. 19వ శతాబ్దానికి వారు రాజాస్థానాల నీడ నుంచి బయటికి వచ్చి స్నేహితుల, కుటుంబాల మధ్య చోటు వెతుక్కున్నారు. వియన్నాలో షూబర్ట్ పాటలు మొదట మిత్రుల ఇళ్లలో మోగాయి. 1840లో పెళ్లాడిన రాబర్ట్, క్లారా షూమన్‌ల ఇంటికి 1853లో యువకుడైన బ్రామ్స్ వచ్చి ఆ కుటుంబానికి జీవితాంతం ఆత్మీయుడయ్యాడు. అక్కడ సంగీతకారుడు తన వారిని తానే ఎంచుకున్నాడు. పర్ధానుకు పోషకులెవరన్నది పుట్టుకతోనే తేలిపోయేది.

కరీంనగర్ వైపు ఇలాంటి కట్టుబాటు ఆశ్రిత కులాలలో కనిపిస్తుంది. పద్మశాలీలకు కూనపులివారు పటం చూపుతూ మార్కండేయ పురాణం చెబుతారు. గొల్లలకు మందహెచ్చులవారు కాటమరాజు కథ వినిపిస్తారు. ఏ ఊళ్లు ఎవరివన్న మిరాశి హక్కులూ వారిలో ఉన్నాయి.

నిజాం పాలనలో అడవులు రిజర్వు హద్దుల్లోకి పోయాయి. మైదానాల నుంచి వచ్చినవారి చేతుల్లోకి భూములు జారాయి. పోషకుడికి పంట తగ్గితే గాయకుడికి ధాన్యం తగ్గింది. అడవి, భూమి హక్కుల కోసం నిజాం ప్రభుత్వంపై పోరాడిన కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో మరణించాక, 1941లో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఈ ప్రాంతానికి వచ్చి మార్లవాయిలో ఉన్నాడు. పర్ధానులు చెప్పిన పురాణాలు, పూజావిధులే 1948లో వెలువడిన ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ గ్రంథానికి ఆధారం. ఆ పుస్తకంపై ఉన్నది ఆయన పేరే అయినా, అందులోని కథల ఘనతలో సగం పర్ధాన్ గాయకులకు చెందాలి.

తర్వాతి కాలంలో వీరిలో చాలామంది సేద్యం, చదువు, ఉద్యోగాల వైపు నడిచారు. మధ్యప్రదేశ్ పర్ధానుల దారి వేరు. పాటన్‌గఢ్‌కు చెందిన జన్‌గఢ్ సింగ్ శ్యామ్‌ను చిత్రకారుడు జె. స్వామినాథన్ భోపాల్‌లోని భారత్ భవన్‌కు తెచ్చాక, అక్కడి గాయక కుటుంబాల్లోని గాథలు రంగుల్లోకి మారి గోండు చిత్రకళగా లోకానికి తెలిశాయి. ఆదిలాబాద్‌లో అటువంటి మలుపు రాలేదు.

ఇక్కడ పాత సంబంధం ఇంకా బలంగా కనిపించేది కేస్లాపూర్‌లో మెస్రంల వంశదేవుడు నాగోబాకు జరిగే జాతరలో. పుష్య అమావాస్య పూజ కోసం మెస్రం వంశస్థులు జన్నారం మండలం హస్తినమడుగు నుంచి కాలినడకన గోదావరి జలం తెస్తారు. కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసే భేటింగ్ కూడా అప్పుడే. వంశమంతా ఒకచోట చేరే ఆ రోజుల్లో మెస్రం పర్ధాన్ కిక్రి అందుకొని నాగోబా చరిత్ర వినిపిస్తాడు.