అదనపు బోధన, తల్లిదండ్రుల అధికారం: అమెరికా టైటిల్ 1 చరిత్ర

అమెరికాలో బడి నడపడం స్థానిక విద్యామండలి పని, దానిపై అజమాయిషీ రాష్ట్రానిది. ఆ వ్యవహారంలో కేంద్రం పెద్దఎత్తున ప్రవేశించింది 1965 ఏప్రిల్ 11న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేసిన ప్రాథమిక, మాధ్యమిక విద్యా చట్టంతోనే. తానూ విద్యార్థిగా ఉన్న రోజుల్లోనే టెక్సాస్‌లోని కొటుల్లాలో మెక్సికన్ సంతతి పేదపిల్లలకు పాఠాలు చెప్పిన జాన్సన్, ఆ సంతకాన్ని తాను చిన్నతనంలో చదివిన బడి దగ్గర, తన తొలి ఉపాధ్యాయురాలి సమక్షంలో చేశాడు. చట్టంలోని మొదటి భాగానికే టైటిల్ 1 అని పేరు. ఏడాదికి 2,000 డాలర్ల లోపు ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లలనూ, సంక్షేమ సహాయం పొందే కుటుంబాల పిల్లలనూ లెక్కగట్టి, ఆ లెక్క ప్రకారం నిధులు పంచడం దాని పద్ధతి. తొలి ఏడాది అందుకు కేటాయించినది సుమారు 100 కోట్ల డాలర్లు.

నిధి బడికి చేరేది పేదరికం లెక్కన. బడిలో అదనపు పాఠం అందేది మాత్రం చదువులో వెనుకబడిన పిల్లలకు. ఈ తేడాను గమనించకపోతే తరువాతి వివాదాలు అర్థం కావు. తొలి దశాబ్దాల్లో ఎక్కువ ప్రాథమిక పాఠశాలలు అనుసరించిన మార్గం, అలాంటి పిల్లలను కొంతసేపు తరగతిలోంచి బయటకు పిలిచి, చిన్న గుంపుగా కూర్చోబెట్టి, చదవడం, లెక్కలు మళ్లీ నేర్పించడం. దీనివల్ల ఆ సమయంలో అసలు తరగతిలో సాగే పాఠం వారికి అందకుండా పోతుందనీ, తోటివారి ముందు వారు వేరుపడతారనీ మొదటినుంచీ విమర్శ ఉంది. ఈ పనికి నియమించిన సహాయకుల్లో ఆ వాడల తల్లులు చాలామంది ఉండేవారు. బడికీ పేద ఇంటికీ మధ్య టైటిల్ 1 వేసిన మొదటి దారి నిజానికి ఈ ఉద్యోగాలే, చట్టంలోని ఏ నిబంధనా కాదు.

1965 నాటి చట్టం తల్లిదండ్రుల సంఘాల ఊసు ఎత్తలేదు. అయితే సెనేటర్ రాబర్ట్ కెనెడీ, పేదపిల్లల వెనుకబాటుకు పాఠశాలలే కొంత కారణం కావచ్చనీ, డబ్బు ఇచ్చి ఊరుకుంటే మార్పు రాదనీ వాదించి, ఫలితాలను కొలిచి నివేదించాలనే నిబంధనను చట్టంలో చేర్పించాడు; ఆ ఫలితాలు చేతికొస్తే తల్లిదండ్రులే బడిని నిలదీస్తారని ఆయన ఆశ. మరుసటి ఏడాది వెలువడిన జేమ్స్ కోల్‌మన్ నివేదిక, పిల్లల చదువులోని తేడాలకు బడి వనరులకంటే కుటుంబ నేపథ్యంతోనే ఎక్కువ సంబంధం ఉందని చెప్పడంతో, ఇంటివైపు చూపు మరింత మళ్లింది. కానీ ఈ రెండు ఆలోచనలూ ఒకటి కావు: మొదటిది తల్లిదండ్రులను బడిని తనిఖీ చేసేవారిగా చూసింది, రెండోది తల్లిదండ్రులనే సరిదిద్దవలసినవారిగా చూడటానికి తావిచ్చింది. టైటిల్ 1 చరిత్ర అంతా ఈ రెండింటి మధ్య పెనుగులాటే.

పెనుగులాటను బయటపెట్టింది 1969లో రూబీ మార్టిన్, ఫిలిస్ మెక్‌క్లూర్ తయారుచేసిన నివేదిక. పేదపిల్లలకని వచ్చిన సొమ్ము అనేక విద్యా జిల్లాల్లో అందరికీ పనికివచ్చే సామగ్రికీ, చివరికి ఈతకొలనులకూ ఖర్చయిందనీ, దక్షిణాదిలో నల్లజాతి పిల్లల బడులకు స్థానిక ప్రభుత్వాలు న్యాయంగా పెట్టవలసిన ఖర్చును ఈ నిధితోనే సరిపెట్టారనీ అది వెల్లడించింది. దాని ఒత్తిడితో 1970 సవరణలు, కేంద్ర నిధి స్థానిక ఖర్చుకు అదనంగా చేరాలే తప్ప దాని స్థానంలోకి రాకూడదనీ, టైటిల్ 1 బడులకు స్థానిక నిధులు మిగతా బడులతో సమానంగా అందాలనీ విధించాయి. ఆ నియమం అమలవుతోందో లేదో కనిపెట్టేది ఎవరన్న ప్రశ్నకు జవాబుగానే తల్లిదండ్రుల సలహా మండళ్లు బలపడ్డాయి. 1974 చట్టం జిల్లా స్థాయిలోనూ, బడి స్థాయిలోనూ వాటిని తప్పనిసరి చేసి, సభ్యుల్లో ఎక్కువమంది తల్లిదండ్రులే ఉండాలంది. 1978 సవరణలు చట్టం, నిబంధనల ప్రతులను సభ్యులకు ఉచితంగా ఇవ్వాలనీ, వారికి శిక్షణ ఇప్పించాలనీ చేర్చాయి. చాలాచోట్ల ఈ మండళ్లు కాగితం మీదే మిగిలాయి, కొన్నిచోట్ల ప్రధానోపాధ్యాయులు తమకు అనుకూలమైనవారినే ఎంచుకున్నారు. అయినా బడి లెక్కలను పేద తల్లి చేతిలో పెట్టాలని ఒక దేశపు చట్టం ఆదేశించడం చిన్న విషయం కాదు. తరువాతి ఏ చట్టమూ అంత దూరం వెళ్లలేదు.

1981లో రీగన్ ప్రభుత్వం నియంత్రణల భారం తగ్గించే పేరుతో పథకాన్ని చాప్టర్ 1గా మార్చి, మండళ్ల నిబంధనను ఎత్తివేసి, తల్లిదండ్రులను సంప్రదిస్తే చాలంది. 1988 సవరణలు తల్లిదండ్రుల పాత్రను తిరిగి చట్టంలోకి తెచ్చాయి గాని, తప్పనిసరి మండళ్లను తీసుకురాలేదు. పాత పేరును పునరుద్ధరించిన 1994 చట్టం రెండు కొత్త ఏర్పాట్లు చేసింది: బడి, ఇల్లు తమ తమ బాధ్యతలను రాసుకునే ఒప్పంద పత్రం ఒకటి, టైటిల్ 1 కింద 5 లక్షల డాలర్లకు మించి పొందే జిల్లా కనీసం 1 శాతాన్ని తల్లిదండ్రుల కార్యక్రమాలకు కేటాయించాలన్నది రెండోది. విద్యార్థుల్లో సగంమంది పేదలైన బడి, నిధిని కొందరు పిల్లలకే పరిమితం చేయకుండా మొత్తం బడి మెరుగుదలకు వాడుకోవచ్చని కూడా అది అనుమతించింది. ఈ హద్దును తరువాత 40 శాతానికి దించారు.

2002 జనవరి 8న జార్జి డబ్ల్యూ. బుష్ సంతకం చేసిన చట్టం తల్లిదండ్రులను దాదాపు వినియోగదారులుగా భావించింది. పరీక్షల్లో వరుసగా లక్ష్యం అందుకోని బడి నుంచి పిల్లవాణ్ని మరో బడికి మార్చుకోవచ్చనీ, ఆపైనా మార్పు లేకపోతే ప్రభుత్వ ఖర్చుతో బయటి సంస్థల దగ్గర ట్యూషన్ చెప్పించుకోవచ్చనీ అది అంది; అర్హులైన పిల్లల్లో ఈ ట్యూషన్‌ను వాడుకున్నది కొద్దిమందే. అదే చట్టం సహాయక బోధకులకు రెండేళ్ల కళాశాల చదువో, పరీక్షలో ఉత్తీర్ణతో ఉండాలంది. బోధన నాణ్యత దృష్ట్యా అది సమంజసమే, కాని వాడలోని తల్లులకు బడిలో ఉన్న దారి దానితో ఇరుకైంది. 2015 చట్టం ట్యూషన్ నిర్బంధాన్ని తొలగించి, తల్లిదండ్రులతోపాటు కుటుంబం మొత్తాన్నీ భాగస్వాములను చేయాలని, వీలైనంతవరకు వారికి అర్థమయ్యే భాషలో సమాచారం ఇవ్వాలని చెప్పింది.

ఇటీవలి సంవత్సరాల్లో టైటిల్ 1 నిధి ఏటా సుమారు 1,800 కోట్ల డాలర్లు. 1994లో నిర్ణయించిన 1 శాతం కనీస వాటా, 5 లక్షల డాలర్ల హద్దు 2015 చట్టంలోనూ అలాగే ఉన్నాయి. 1974లో ప్రతి టైటిల్ 1 బడికీ విధిగా ఉండవలసిన తల్లిదండ్రుల మండలి, ఇప్పుడు జిల్లా ఇష్టపడితే ఏర్పాటు చేసుకోగల అనేక మార్గాల్లో ఒకటిగా మాత్రమే చట్టంలో మిగిలింది.