బీగముచెవి ఎవరి చేతిలో ఉండవలెను?

కోస్తా జిల్లాలలో తాళము, తాళముచెవి అందురు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో బీగము, బీగముచెవి అందురు. పొరుగుననున్న కన్నడములోను అది బీగయే. అద్దెకు ఇచ్చట బాడుగ అని వాడుక. ఈ రెండు మాటలు కలిసిన చోట ఒక పాత తగవు ఉన్నది. బాడుగకున్నవారు బీగము వేసికొని ఊరికి పోయినప్పుడు, సొంతదారు తనవద్ద నున్న రెండవ చెవితో ఆ తలుపు తీయవచ్చునా?

మన పాత ఇండ్లలో ఈ ప్రశ్న అంతగా పుట్టలేదు. వీధితలుపునకు లోపలనుండి గడియ పడెడిది. ఇంటిలో ఎవరో ఒకరు ఎప్పుడును ఉండెడివారు. ఇల్లు ఖాళీగా విడిచిపోవలసిన బ్రతుకులు వచ్చిన తరువాతనే బీగమునకు పని పెరిగినది. 1864లో మద్రాసు నుండి బెంగుళూరు దాక రైలుమార్గము పూర్తియై కుప్పము ఆ దారిలో స్టేషను అయినది. 1915లో మదనపల్లెలో దివ్యజ్ఞాన సమాజమువారి కళాశాల వెలసినది. ఉద్యోగులు, ఉపాధ్యాయులు, విద్యార్థులు పరాయి ఊరి ఇండ్లలో దిగిరి. పుంగనూరు జమీందారీ ఊరు. కుప్పము కంగుంది జమీలోనిది. జమీందారీలు 1948 నాటి చట్టముతో పోయినవి గాని ఇల్లు గలవానికి, లేనివానికి నడుమనున్న ఎచ్చుతగ్గులు పోలేదు.

బీగములును మారినవి. 1860వ దశకమున అమెరికాలో లైనస్ యేల్ చిన్న బల్లపరుపు చెవిగల బీగమును రూపొందించెను. 1897లో అర్దేషిర్ గోద్రెజ్ బొంబాయిలో బీగముల తయారీ ఆరంభించెను. చెవి చిన్నదైన కొలది దానికి నకలు తీయుట తేలికయైనది.

ఇక చట్టము సంగతి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టములోని 108వ సెక్షను రెండు మాటలు చెప్పును. బాడుగ సక్రమముగా ఇచ్చుచున్న వానిని ఆటంకము లేకుండ ఇంటిలో ఉండనీయవలెను అన్నది ఒకటి. సొంతదారుగాని అతని మనుష్యులుగాని 'సమంజసమైన వేళలలో' వచ్చి ఇంటి స్థితిని చూచుకొనుటకు బాడుగదారు ఒప్పుకొనవలెను అన్నది రెండవది. చూచుకొను హక్కు ఉన్నది గాని, చెప్పకుండ తీసికొని లోనికి వచ్చు హక్కు అందులో నాకు కనబడదు.

చిక్కంతయు ఆ వేళయొద్దనే. నీరుగట్టుపల్లెలో పట్టుచీర నేయువారికి ఇల్లే కార్ఖానా. పడుగు సాగియున్న మగ్గము ప్రక్కకు ఎవరు ఎప్పుడు వచ్చినను ఇబ్బందియే. కుప్పమునుండి వేకువ రైలెక్కి బెంగుళూరికి పనికి పోవువాని ఇంటిలో పగలెల్ల భార్య ఒక్కతెయే ఉండవచ్చును. సొంతదారు వైపు న్యాయము లేదనను. మిద్దె కారినను, చెదలు పట్టినను నష్టము అతనిది. ఆ ఇల్లు అతని జీవితకాలపు కూడబెట్టుబడి కావచ్చును. అయినను తలుపు తట్టి వచ్చుట వేరు, చెవి త్రిప్పి వచ్చుట వేరు.

1941లో యుద్ధకాలపు ఉత్తరువుగా మద్రాసు రాష్ట్రమున ఇంటిబాడుగల నియంత్రణ వచ్చినది. 1946, 1949 చట్టములు, వాని వెనుక 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము వచ్చినవి. వీని ప్రధాన చింత బాడుగ మొత్తము, ఖాళీ చేయించుట. పైగా 1960 చట్టము పట్టణములలో పురపాలక సంఘములున్న చోట్లకే తనంతట వర్తించెను. మదనపల్లె 1961లోనే పురపాలక సంఘమైనది. కుప్పమున తొలి పురపాలక ఎన్నికలు 2021లో గాని జరుగలేదు. అప్పటికి 2017 నాటి క్రొత్త చట్టము వచ్చియుండెను.

బాడుగ బకాయి పడినదని సొంతదారు తన బీగము పైన వేసిన ఏమగును? 1877 చట్టమునందును, దాని స్థానమున వచ్చిన 1963 నిర్దిష్ట ఉపశమన చట్టము 6వ సెక్షనునందును సమాధానమున్నది. న్యాయస్థానము దారి విడిచి వెళ్లగొట్టబడినవాడు ఆరు నెలలలోపల దావా వేసి స్వాధీనము తిరిగి పొందవచ్చును. ఇల్లు ఎవరి సొంతమన్న ప్రశ్న అక్కడ అడ్డురాదు. 1860 శిక్షాస్మృతియు అతిక్రమణను ఆస్తి ఎవరి స్వాధీనములో ఉన్నదన్న లెక్కతోనే చూచెను. బెదిరించుటకో అవమానించుటకో వేధించుటకో బీగము తీసి చొరబడుటను ఇల్లు పగులగొట్టుట క్రింద జమకట్టెను. 2024 జూలై 1 నుండి ఆ స్థానమున భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినది.

1962లో సుప్రీముకోర్టు, ఖరక్ సింగు వ్యాజ్యమున, పోలీసులు రాత్రివేళ ఇండ్లకు వచ్చి తట్టు పద్ధతిని కొట్టివేసినది. అది ప్రభుత్వమునకు చెప్పిన మాట. ఇంటి సొంతదారునకు వేళ చెప్పినది 2021లో కేంద్రప్రభుత్వము ఆమోదించిన నమూనా కిరాయి చట్టము. ఇరువదినాలుగు గంటల ముందు, కారణము, దినము, వేళ తెలుపుచు నోటీసు ఇయ్యవలెను. సూర్యోదయమునకు ముందును, సూర్యాస్తమయము తరువాతను లోనికి రాగూడదు. అయితే అది నమూనా మాత్రమే; రాష్ట్రము చట్టము చేసిన చోటనే దానికి బలము.

అందాక చాలమంది చేసికొను ఏర్పాటు ఒకటున్నది. సొంతదారుతో ముందుగా మాటాడి, కాపురము దిగిన నాడే తలుపు బీగమును సొంత ఖర్చుతో మార్చుకొందురు. పాత బీగమును గుడ్డలో చుట్టి అటుకమీద పెట్టి, ఇల్లు విడుచునాడు మరల బిగించి, చెవులు లెక్కపెట్టి అప్పగింతురు.